దిగుడు రోడ్డు గీస్తే ఎక్కుతున్నట్టు ఎందుకు వస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఆరు నెలలుగా పర్‌స్పెక్టివ్, అంటే దూరాన్ని కాగితం మీద చూపించే పద్ధతి, నేర్చుకుంటున్నారు. వన్ పాయింట్, టూ పాయింట్ (దూరంగా పోయే గీతలు ఒక బిందువులో, రెండు బిందువుల్లో కలిసే) పెట్టెలు, గదులు, రైలు పట్టాలు బాగానే వస్తున్నాయి. కానీ విశాఖలో పాండురంగాపురం నుంచి బీచ్ రోడ్డుకు దిగే డౌన్‌లో, అంటే దిగుడు రోడ్డులో, నిలబడి గీస్తే మాత్రం రోడ్డు దిగడం లేదు, ఎదురుగా ఎక్కుతున్నట్టు ఉంటోంది. సముద్రం గోడలా నిలబడిపోతోంది. నాలుగుసార్లు గీస్తే నాలుగుసార్లూ అంతే. "నాకు చూపు లేదేమో, నలభై దాటాక ఇక రాదేమో" అన్నారు. ఫొటో చూసి గీయడం మంచిదా, అక్కడే కూర్చుని గీయడం మంచిదా అని కూడా అడిగారు.

మీకు చూపు ఉంది. మీరు చూపించిన బొమ్మ మీద స్కేలు పెట్టి గీతలన్నీ పొడిగించి చూశాను. రోడ్డు రెండు అంచులూ సముద్రం గీత (నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు, హొరైజన్) మీద ఒకే చోట కలుస్తున్నాయి. ఇళ్ళ పిట్టగోడలు, సన్‌షేడ్లు, కిటికీల గీతలు మాత్రం సముద్రం గీతకు రెండు వేళ్ళు కిందగా కలుస్తున్నాయి. బొమ్మలో ఉన్న పెద్ద తప్పు ఇదొక్కటే, రెండూ తారుమారయ్యాయి. సముద్రం గీత మీద కలవాల్సినవి ఇళ్ళ గీతలు. దానికి కిందగా కలవాల్సినవి రోడ్డు అంచులు. బొమ్మ చూసే ఎవరైనా ఇల్లు మట్టంగా కట్టి ఉంటుందనే నమ్ముతారు. ఆ ఇంటితో పోల్చినప్పుడు రోడ్డు పైకి లేచింది కాబట్టి ఎక్కుతున్నట్టు కనిపిస్తోంది.

ఇలా జరగడానికి కారణం కూడా ఊహించగలను. పాఠాల్లో చూపించే రోడ్లన్నీ చదును రోడ్లే. రోడ్డు అంచులను హొరైజన్ మీద కలపండి అని చెప్తారు, అది చదును నేలకు సరిపోతుంది. మన విశాఖలో చదును రోడ్డు దొరకాలంటేనే వెతకాలి. పాండురంగాపురం డౌన్, కలెక్టరాఫీస్ డౌన్, సిరిపురం నుంచి సముద్రం వైపు ఏ సందులోకి తిరిగినా దిగుడే. ఊరి మాటల్లోనే 'డౌన్' అనేది ఒక చోటు పేరులా స్థిరపడిపోయింది. పుస్తకంలో చివరి పాఠంగా వచ్చే వాలు, మనకు ఇంటి గుమ్మం దాటగానే ఎదురవుతుంది. అందుకే ఇక్కడ నేర్చుకునేవాళ్ళు వాలును మొదట్లోనే పట్టుకోవాలని నా అభిప్రాయం. మా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను రెండో నెలలోనే చెప్తాను.

దానికంటే ముందు కంటిమట్టం. పర్‌స్పెక్టివ్‌లో వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైగా దీన్ని సరిగ్గా పెట్టకపోవడం వల్లే వస్తాయి.

తాపీమేస్త్రీలు ఇల్లు కట్టేటప్పుడు సన్నని గాజురంగు పైపులో నీళ్ళు పోసి, ఒక కొస ఒకరు, రెండో కొస ఇంకొకరు పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. మధ్యలో నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. దాన్ని చూసి గోడ మీద మట్టం గుర్తు పెడతారు. బొమ్మ గీసేవాళ్ళకూ అలాంటి మట్టం ఒకటి కావాలి. అది మన కంటి ఎత్తులో, నాలుగు వైపులా చదునుగా సాగిపోయే ఒక పరుపు లాంటిది. దాన్ని అంచు వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి అది మనకు ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీతే హొరైజన్ లైన్. వేరే ఊళ్ళలో చెట్ల వెనుక, ఇళ్ళ వెనుక అదెక్కడ ఉందో వెతుక్కోవాలి. మనకు సముద్రం గీసి పెట్టేసింది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. నేను డౌన్ పైన నిలబడ్డాను, సముద్రం ఎక్కడో కింద ఉంది, మరి దాని గీత నా కంటి ఎత్తులో ఎలా ఉంటుంది? మీరు సముద్రానికి 30 మీటర్ల ఎత్తులో ఉన్నారనుకోండి. మీకు 100 మీటర్ల దూరంలో ఉన్న నీళ్ళను చూడాలంటే చూపును సుమారు 17 డిగ్రీలు కిందికి వంచాలి. కిలోమీటరు దూరంలోని నీళ్ళకు 1.7 డిగ్రీలు చాలు. పది కిలోమీటర్ల దూరానికి 0.17 డిగ్రీలు. అంటే దూరం పెరిగేకొద్దీ నీళ్ళు పైకి పైకి వచ్చి కంటిమట్టానికి ఆనుకుంటాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఆ గీత కంటిమట్టానికి రవ్వంత కిందే ఉంటుంది, కానీ ఆ ఎత్తులో ఆ తేడా పెన్సిల్ గీత మందంలో కలిసిపోతుంది.

ఇది పుస్తకంలో చదవడం కంటే కాళ్ళతో నేర్చుకోవడం మేలు. ఒక ఉదయం ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుని చూడండి. ఎదురుగా నిలబడినవాళ్ళ నడుముల దగ్గరో, తొడల దగ్గరో సముద్రం గీత కనిపిస్తుంది. లేచి నిలబడండి. గీత కూడా మీతో పాటు లేచి వాళ్ళ తలల దగ్గరకు వస్తుంది. నిలబడినప్పుడు మీకు కనిపించే ఆ అంచు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తర్వాత కైలాసగిరి ఎక్కండి. 170 మీటర్ల ఎత్తు నుంచి అంచు 46 కిలోమీటర్ల దూరానికి జరుగుతుంది, అయినా ఇంకా మీ కంటి ఎదురుగానే ఉంటుంది. హార్బరులోకి వెళ్ళడానికి వంతు కోసం లంగరేసి నిలబడ్డ ఓడలను రెండు చోట్ల నుంచీ చూడండి. ఇసుక మీద నుంచి చూస్తే సముద్రం గీత ఓడ ఒంటిని కోస్తూ పోతుంది. కొండ మీద నుంచి చూస్తే అదే ఓడ గీతకు చాలా కిందగా, నీళ్ళ మధ్యలో బొమ్మలా కూర్చుని ఉంటుంది. గీత దేన్ని ఎక్కడ కోస్తే అక్కడికి మీ కన్నంత ఎత్తు అన్నమాట.

సముద్రం కనిపించని చోట, ఉదాహరణకు వన్‌టౌన్ సందుల్లోనో, కురుపాం మార్కెట్ దగ్గరో గీయాలంటే చిన్న ఉపాయం ఉంది. పారదర్శకమైన నీళ్ళ సీసాను సగం ఖాళీ చేసి కళ్ళ ముందు నిటారుగా పట్టుకోండి. కొంచెం కిందకు దించితే నీటి పైభాగం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. మెల్లగా పైకి లేపుతూ రండి. ఒకచోట ముందంచు, వెనకంచు కలిసిపోయి నీళ్ళు ఒక్క గీతగా మారతాయి. అదే మీ కంటిమట్టం. ఆ గీత ఎదుటి గోడ మీద ఏ ఇటుక వరసను, ఏ కిటికీ చువ్వను తాకుతోందో గుర్తుపెట్టుకుని కాగితం మీద మొదటి గీతగా వేయండి. మేస్త్రీ పైపే ఇది కూడా.

ఇప్పుడు సముద్రం గోడలా నిలబడటం సంగతి. ఇందులో మీ తప్పు సగమే ఉంది. డౌన్ పైనుంచి చూసినప్పుడు సముద్రం ఇళ్ళ మధ్యలో నిజంగానే నీలం తెర కట్టినట్టు నిలబడి ఉంటుంది. ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మలుపు తిరగగానే ఒక్క క్షణం ఆగిపోయేది అందుకే. దాన్ని చదును చేయాలని గీతను కిందికి దించారో, మొత్తం బొమ్మ పాడైపోతుంది. మార్చుకోవాల్సింది అలలు. పైన చెప్పిన లెక్కనే, ఒడ్డు 100 మీటర్ల దూరంలో ఉందనుకుని, మళ్ళీ చూడండి. ఒడ్డు నుంచి హొరైజన్ వరకు కాగితం మీద సముద్రానికి పది సెంటీమీటర్ల ఎత్తు వచ్చిందనుకుంటే, కిలోమీటరు దూరం దాకా ఉన్న నీళ్ళు కింది తొమ్మిది సెంటీమీటర్లను తీసేసుకుంటాయి. ఆ పైన ఉన్న సముద్రమంతా, ఓడలతో సహా, చివరి ఒక్క సెంటీమీటరులో సర్దుకోవాలి. మీ బొమ్మలో అలల గీతలు కింద ఎంత ఎడంగా ఉన్నాయో పైన కూడా అంతే ఎడంగా ఉన్నాయి. ఓడను సముద్రం మధ్యలో పెట్టారు. అందుకే అది నీళ్ళలా పరుచుకోకుండా గోడ మీద వేసిన రంగులా నిలబడిపోయింది. నురగ గీతలను ఒడ్డు దగ్గరే ఉంచండి. పైకి పోయేకొద్దీ వాటిని గబగబా దగ్గరికి చేర్చి, పై భాగాన్ని దాదాపు ఖాళీగా వదిలేయండి. ఓడ అడుగును హొరైజన్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల కింద పెట్టండి. ఈ మార్పు ఒక్కటే చేసినా సముద్రం పడుకుంటుంది.

రోడ్డు దగ్గరకు వస్తాను.

ఒకదానికొకటి సమాంతరంగా, మట్టంగా ఉండి, మన నుంచి దూరంగా పోయే గీతలు హొరైజన్ మీద ఒక బిందువులో కలుస్తాయి, దాన్నే వానిషింగ్ పాయింట్ అంటారు. అవే కిందికి వాలుతూ పోతే, అదే వానిషింగ్ పాయింట్‌కు సరిగ్గా నిలువునా కిందగా ఇంకో బిందువులో కలుస్తాయి. ఎక్కుతూ పోతే నిలువునా పైన. ఎంత కిందగా అన్నది వాలును బట్టి ఉంటుంది. పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే రోడ్డు అనుకుందాం. బొమ్మను 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూసేలా గీస్తున్నారనుకుందాం. 40ని 12తో భాగిస్తే 3.3. హొరైజన్‌కు 3.3 సెంటీమీటర్ల కింద రోడ్డు బిందువు పెట్టాలి. ప్రతిసారీ లెక్క వేయాల్సిన పని లేదు, పెన్సిల్‌ను రోడ్డు అంచు వెంట వాల్చి పట్టుకుంటే కోణం దొరుకుతుంది. కానీ ఒక్కసారైనా లెక్క వేస్తే చెయ్యి నమ్ముతుంది. అంత నిటారు రోడ్డు కూడా కాగితం మీద కేవలం 3 సెంటీమీటర్ల తేడా అని తెలిసినప్పుడు, మనం ఎంత అతిగా వాలుస్తామో అర్థమవుతుంది.

కింద రోడ్డు మళ్ళీ చదునై బీచ్ రోడ్డును కలిసే చోట, ఆ చదును ముక్క అంచులు తిరిగి హొరైజన్ బిందువు వైపే పోతాయి. అంటే ఒకే రోడ్డు అంచులో ఒక విరుపు కనిపిస్తుంది. ఆ విరుపు గీయకపోతే రోడ్డు సముద్రంలోకి జారిపోతున్నట్టు ఉంటుంది. ఇది చాలామంది వదిలేస్తారు.

ఇన్నేళ్ళ అనుభవంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. వాలు అనేది నిజానికి రోడ్డులో కనిపించదు. ఇంటి పునాది రోడ్డును కలిసే చోట కనిపిస్తుంది. ఇల్లు మట్టంగా ఉంటుంది, రోడ్డు దిగిపోతుంది. కాబట్టి ఒకే ఇంటికి పై కొసన పునాది ఒక అడుగు ఎత్తు ఉంటే, కింది కొసకు వచ్చేసరికి మూడు నాలుగు అడుగులు ఉంటుంది. పై ఇంటి గుమ్మానికి ఒక్క మెట్టు, పక్కింటికి నాలుగు. ప్రహరీ గోడలు ఒకే వరసలో పోకుండా, మెట్లు మెట్లుగా తెగి తెగి దిగుతాయి. స్కూటరు ఎక్కించుకోవడానికి గేటు ముందు పోసిన సిమెంటు వాటం ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉంటుంది. ఇవి గీస్తే, రోడ్డును ఒక్క గీతతో వదిలేసినా అది దిగుతూనే ఉంటుంది. ఇవి లేకుండా రోడ్డు కోణం ఎంత కచ్చితంగా పెట్టినా చూసేవాళ్ళ మనసు నమ్మదు. మీ బొమ్మలో ఇళ్ళన్నీ రోడ్డు మీద అతికించినట్టు ఉన్నాయి, పునాదులే లేవు. ఈసారి వెళ్ళినప్పుడు ముందు ఒక పేజీ నిండా గుమ్మాల మెట్లు, ప్రహరీల తెగింపులు మాత్రమే గీసుకురండి.

మనుషుల విషయంలోనూ ఇదే. చదును నేల మీద మీరు నిలబడి చూస్తే, మీ అంత ఎత్తున్నవాళ్ళు ఎంత దూరంలో ఉన్నా తలలన్నీ హొరైజన్ మీదే ఉంటాయి, పాదాలు మాత్రమే పైకి జరుగుతాయి. దిగుడులో నడిచిపోతున్నవాళ్ళ తలలు హొరైజన్ నుంచి కిందికి జారుతూ పోతాయి. ఎదురుగా ఎక్కి వస్తున్నవాళ్ళ తలలు మెల్లగా లేస్తాయి. ముగ్గురు మనుషులను సరైన చోట పెట్టగలిగితే వాలు సగం చెప్పేసినట్టే.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. మీ టూ పాయింట్ బొమ్మల్లో, ముఖ్యంగా ఆ మూడంతస్తుల అపార్ట్‌మెంటు దాంట్లో, మూల కత్తిలా ముందుకు పొడుచుకు వచ్చింది. రెండు వానిషింగ్ పాయింట్లనూ కాగితం లోపలే పెట్టడం వల్ల అలా అయ్యింది. దీన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. 1990ల్లో ఇక్కడే ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో, ఒక కల్యాణమండపం పర్‌స్పెక్టివ్ గీయమన్నారు. రెండు బిందువులూ షీటు అంచుల మీద పెట్టి రెండు రోజులు గీశాను. మండపం ఓడ ముక్కులా వచ్చింది. కట్టించుకునేవాళ్ళు చూసి, మా స్థలం మూల ఇంత కోసుగా ఉండదే అని కంగారుపడ్డారు. ఆ రోజు మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఏమీ అనలేదు. షీటును బల్ల మధ్యకు జరిపి, బల్ల రెండు చివరలా డ్రాయింగ్ పిన్నులు గుచ్చి, వాటికి కుట్టుదారం కట్టి నా చేతికిచ్చారు. దారం లాగి పట్టుకుని, దాని వెంట గీతలు వేయమన్నారు. సాయంత్రానికి అదే మండపం కుదురుగా నిలబడింది.

దీని వెనుక లెక్క సులభమే. తల తిప్పకుండా చూస్తే మనకు ఇబ్బంది లేకుండా అందేది సుమారు 60 డిగ్రీల మేర. ఎ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, ఆ 60 డిగ్రీల దృశ్యాన్ని దాని వెడల్పంతా నింపితే, 45 డిగ్రీలు తిరిగి ఉన్న ఇంటికి రెండు వానిషింగ్ పాయింట్ల మధ్య అర మీటరు దూరం కావాలి. కాగితం వెడల్పు 30 సెంటీమీటర్లే. కాబట్టి బిందువులు బయట ఉండి తీరాలి. కళ్ళకు హాయిగా ఉండాలంటే నేను 40 డిగ్రీలకు మించను, అప్పుడు ఆ దూరం 80 సెంటీమీటర్లు దాటుతుంది. ఇంట్లో అయితే పాత న్యూస్‌పేపర్ పరిచి మధ్యలో కాగితం అతికించి, పిన్నులూ దారంతో చేయండి. బయట గీసేటప్పుడు అది కుదరదు. అప్పుడు ఇంటి పై గీత ఒకటి, హొరైజన్ ఒకటి సరిగ్గా పెట్టి, రెండింటి మధ్య ఎడాన్ని కాగితం రెండు కొసల దగ్గర సమాన భాగాలు చేసి, గుర్తులను కలిపితే చాలు. అన్ని గీతలూ వాటంతట అవే కాగితం బయట ఎక్కడో కలుస్తాయి.

మీ చివరి ప్రశ్న ఫొటో గురించి. మొదటి ఏడాది అక్కడే కూర్చుని గీయండి, ఫొటో వద్దు. ఫోన్ మామూలు కెమెరా పొడవు వైపున దాదాపు 70 డిగ్రీలు పట్టేస్తుంది, ఇందాక చెప్పిన 60 కంటే ఎక్కువ. అందుకే ఫొటో అంచుల్లో ఇళ్ళు సాగిపోయి ఉంటాయి. ఫోన్‌ను కొంచెం పైకి ఎత్తితే గోడలు వెనక్కి వాలిపోతాయి, కిందికి వంచితే కిందివైపు సన్నబడతాయి. వీటిని మన కన్ను సరిచేసుకుని చూస్తుంది, కాగితం సరిచేయదు. పైగా డౌన్ ఫొటో తీస్తే వాలు పోతుంది. మీకూ అనుభవమే అయి ఉంటుంది, అంత నిటారు రోడ్డు ఫొటోలో చప్పగా కనిపిస్తుంది. అక్కడ కూర్చుంటే మోకాళ్ళకు తెలిసిన వాలు ఫొటోకు తెలియదు.

అక్కడ కూర్చుని గీయడంలో కష్టం వేరు. తల కదులుతుంది. పర్‌స్పెక్టివ్ మొత్తం ఒకే కన్ను, ఒకే చోటు అనే ఒప్పందం మీద నిలబడింది. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ అనే ఆర్కిటెక్టు ఈ పద్ధతిని చూపించినప్పుడు, తాను గీసిన పలకకు చిన్న రంధ్రం చేసి, వెనుక నుంచి ఆ రంధ్రంలో ఒక కన్ను పెట్టి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మను చూడమన్నాడు. చూసేవాళ్ళ కన్ను కదలకుండా ఉండాలనే అంత ఏర్పాటు. 1435లో ఆల్బెర్తీ అనే ఇటలీ రచయిత ఆ పద్ధతిని రాసిపెట్టాడు. 1525లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ తన కొలతల పుస్తకంలో చట్రాలు, దారాలు పెట్టుకుని గీసే మనుషుల బొమ్మలే వేశాడు. అంత గొప్పవాళ్ళకే చట్రాలు కావాల్సి వచ్చాయి. మన లేపాక్షి కప్పు మీది బొమ్మలు చూడండి, అక్కడ కన్ను ఒకచోట కట్టేసి ఉండదు, బొమ్మతో పాటు నడుస్తుంది. మనిషి సహజంగా చూసేది అలాగే, నాలుగు వైపుల నుంచి చూసినవన్నీ మనసులో కలుపుకుని. కాబట్టి పర్‌స్పెక్టివ్ రాకపోవడం చూపు లోపం కాదు. ఇది విడిగా నేర్చుకోవాల్సిన ఒక అలవాటు, దానికి వయసుతో పని లేదు. మా దగ్గర అరవై దాటాక మొదలుపెట్టి, ఏడాదిలో ఫిషింగ్ హార్బరు పడవలు గీసినవాళ్ళున్నారు.

మనసు ఎక్కడ అడ్డుపడుతుందో తెలుసుకోవాలంటే ఒక పని చేయండి. స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక ప్లాస్టిక్ షీటును అట్టకు కోసిన కిటికీలో అతికించండి. డౌన్‌లో కూర్చుని, దాన్ని చాచిన చేతితో కదలకుండా పట్టుకుని, ఒక కన్ను మూసి, మార్కర్‌తో రోడ్డు, ఇళ్ళు, సముద్రం గీతలు దాని మీదే వేయండి. అయిదే అయిదు గీతలు చాలు. ఆ షీటును మీ పాత బొమ్మ పక్కన పెట్టండి. దూరంగా ఉన్న రోడ్డు భాగం ఎంత నొక్కుకుపోయిందో చూసి మీరు నమ్మలేరు. వంద అడుగుల రోడ్డు వేలి మందంలో ఉంటుంది. అది వంద అడుగులు అని మనకు తెలుసు కాబట్టి, గీసేటప్పుడు చెయ్యి దాన్ని సాగదీస్తుంది. నా లెక్కలో పర్‌స్పెక్టివ్ నేర్చుకోవడంలో అసలు కష్టం ఇదే, తెలిసినదాన్ని పక్కన పెట్టడం. సూత్రాలు నెలలో వస్తాయి. దీనికి ఏడాది పడుతుంది.

పెన్సిల్‌తో కొలిచేటప్పుడు మోచెయ్యి వంచకండి, ప్రతి కొలతకూ చెయ్యి పూర్తిగా చాచి ఉండాలి. కోణం చూసేటప్పుడు పెన్సిల్‌ను కారు వైపర్ తిరిగినట్టు అడ్డంగానే తిప్పండి. రోడ్డు ముందుకు పోతోంది కదా అని పెన్సిల్ కొసను కూడా ముందుకు వంచితే కోణం తప్పిపోతుంది. దాదాపు అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు.

కరెంటు స్తంభాల ఎడం గురించి రెండు మాటలు. మొదటి రెండు స్తంభాలను చూసి గీయండి. వాటి తలలను కలుపుతూ ఒక గీత, పాదాలను కలుపుతూ ఒక గీత, ఎత్తుల సగాలను కలుపుతూ ఇంకో గీత వేయండి. మొదటి స్తంభం తల నుంచి రెండో స్తంభం సగం మీదుగా గీత లాగితే, అది పాదాల గీతను ఎక్కడ తాకుతుందో అక్కడ మూడోది. అలా ఎన్నైనా. వాలు రోడ్డులో కూడా ఇది పనిచేస్తుంది, కాకపోతే తలల గీత, పాదాల గీత రెండూ రోడ్డు బిందువు వైపే పోవాలి. స్తంభాలు రోడ్డుతో పాటు దిగుతాయి, ఇళ్ళలా మట్టంగా ఉండవు.

గుండ్రని వస్తువులు మీరింకా మొదలుపెట్టలేదు, తొందరలేదు. మొదలుపెట్టినప్పుడు టీ గ్లాసుతో మొదలుపెట్టి, మేడల మీది నీళ్ళ ట్యాంకులకు పోయి, ఆ తర్వాత బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి దగ్గర కూర్చోండి. 91 మీటర్ల పొడవు, అంతా వంపులే. ముక్కు వైపు నుంచి గీస్తే పర్‌స్పెక్టివ్‌లో నేర్చుకున్నదంతా ఒక్కచోట పరీక్షకు వస్తుంది.

ఈ ఆదివారానికి మాత్రం పాండురంగాపురమే. ఉదయం ఆరింటికల్లా వెళ్ళండి, ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఏడున్నర దాటితే ఎదురుగా చూడలేరు. ఒకేచోట ప్రహరీకి ఆనుకుని కూర్చోండి. ముందు హొరైజన్. తర్వాత ఎడమవైపు ఒక్క ఇల్లు, దాని పిట్టగోడ గీత, కిటికీల గీత, రెండూ హొరైజన్‌కు. ఆ తర్వాత దాని పునాది, మెట్లు. రోడ్డును అన్నిటికంటే చివర గీయండి. అప్పటికి అది ఎక్కడ ఉండాలో ఆ మెట్లే చూపిస్తాయి. బొమ్మ పూర్తయ్యాక గీతలేవీ చెరపకుండా అలాగే నాకు చూపించండి, పొడిగింపు గీతలతో సహా.